కథ మాది, కూలి ఎవరిది?

'ఇలాంటి పాత్ర ఏదైనా పడితే కబురు చేస్తాం బాబూ.'

ఇరవై రెండేళ్ల క్రితం హైదరాబాద్‌లో ఒక నిర్మాణ సంస్థ కార్యాలయంలో నాకు దొరికిన సమాధానమిది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. చంకకర్రలతో పైకి ఎక్కడానికి పావుగంట పట్టింది, సమాధానం వినడానికి అర నిమిషం చాలింది. నేను వెళ్లింది పాత్ర అడగడానికి కాదు. సంభాషణల రచనలో సహాయకుడిగా పని అడగడానికి వెళ్లాను. సంచిలో నేను రాసిన నాటికలు రెండు, పరిషత్తుల్లో వచ్చిన ప్రశంసాపత్రాలు మూడు ఉన్నాయి. వాటిని బయటికి తీయవలసిన అవసరమే రాలేదు. మెట్లు దిగుతున్నంతసేపూ ఆ 'ఇలాంటి' అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఆయన చూసింది నా కాలునా? లేక ఏ ఊరు, ఏ పేట, నాన్న ఏం చేస్తాడు అని వరుసగా అడిగి రాబట్టుకున్న నా కులాన్నా? రెండింటినీ విడదీసి చూడవలసిన అగత్యం ఆయనకు లేదు. నాకు మాత్రం ఇప్పటికీ ఆ ముడి విడలేదు.

గుడివాడకు దగ్గర్లో, కాలువ గట్టును ఆనుకుని ఉన్న మాలపల్లె మాది. మూడో ఏట పోలియో వచ్చింది. ఊళ్లో నాటక సమాజం ఉండేది. డెల్టాలో నాటకం ఆడని ఊరు, పరిషత్తు జరపని పట్టణం అరుదు. పన్నెండేళ్లకే నాకు నాటకం మొత్తం, అన్ని పాత్రల మాటలూ కంఠస్థం. అది గమనించిన దర్శకుడు, 'ఒరేయ్ అబ్బాయ్, నీకు నోటికొచ్చుగా, తెర పక్కన కూర్చుని అందించు' అని రాతప్రతి చేతికిచ్చాడు. అలా పదేళ్లు అందించాను. ఎవరు ఎక్కడ మాట మరిచిపోతారో నాకు ముందే తెలిసేది. వేదిక మీదికి మాత్రం ఒక్కసారే వెళ్లాను, బిచ్చగాడిగా. మేకప్పు ఖర్చు తప్పిందని అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ వయసులో అది అవమానమని తెలియలేదు, అవకాశమనే అనుకున్నాను.

ఈ సొంత గోడును ఇక్కడ చెప్పడానికి కారణం, 2024 మేలో విడుదలైన 'శ్రీకాంత్' అనే హిందీ సినిమా. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో రైతు కుటుంబంలో, చూపు లేకుండా పుట్టిన బొల్లా శ్రీకాంత్ కథ అది. పదో తరగతి తర్వాత సైన్సు చదవడానికి వీల్లేదన్న ఇంటర్మీడియట్ వ్యవస్థ మీద న్యాయపోరాటం చేసి, అమెరికాలోని ఎమ్‌ఐటీలో చదివి, తిరిగి వచ్చి బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించిన వ్యక్తి. మన డెల్టా బిడ్డ. అతని కథను తెరకెక్కించింది ముంబయి. అతనిగా నటించింది చూపున్న రాజ్‌కుమార్ రావ్. నటన బాగుంది, కాదనను. కానీ సినిమా చూసి బయటికి వస్తుంటే నాకు తట్టిన ఆలోచన వేరు. ఈ సినిమా యూనిట్‌లో రచయితగానో, ఎడిటరుగానో, కనీసం సలహాదారుగానో చూపులేని మనుషులు ఎందరు రోజుకూలి తీసుకున్నారు? మన ఊరి కథ తెర మీదికి వెళ్లడం వేరు, మన వాళ్లకు తెర వెనక పని దొరకడం వేరు. మొదటిది గర్వం ఇస్తుంది, రెండోది అన్నం పెడుతుంది.

కృష్ణా డెల్టాకూ తెలుగు సినిమాకూ ఉన్న బంధం ఈ పేజీ పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. 1855లో విజయవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. కాలువల నీరు పొలాలకు పారింది, పొలాల మిగులు పట్టణాలకు పారింది, ఆ మిగులులో కొంత సినిమా హాళ్లకూ పంపిణీ కార్యాలయాలకూ మద్రాసు స్టూడియోలకూ చేరింది. 1921లోనే బెజవాడలో మారుతి సినిమా హాలు వెలిసింది. గాంధీనగర్ వీధులు ఆంధ్ర ప్రాంతపు సినిమా పంపిణీకి రాజధాని అయ్యాయి. నిమ్మకూరు, రామాపురం, చౌటపల్లి వంటి పల్లెల నుంచి నటులూ గాయకులూ వెళ్లారు. నీరు పారిన భూమి ఎవరిదో సినిమా పెట్టుబడి కూడా చాలావరకు ఆ కులాలదే అయింది. ఆ పొలాల్లో నాట్లు వేసిన వారు నేల టికెట్టు కొన్నారు. ఇది నింద కాదు, చరిత్ర. పెట్టుబడి బంధుత్వాల వెంట నడిచిన చోట పని కూడా బంధుత్వాల వెంటే నడుస్తుంది. దర్శకుడి దగ్గర సహాయకుడిగా చేరడానికి ఇవాళ్టికీ ప్రకటన ఉండదు, పరీక్ష ఉండదు. 'మనవాడే' అన్న ఒక్క మాట ఉంటుంది.

1938లో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశారు. ఆయనది కృష్ణా జిల్లా నందమూరు. చలం కథ, సారథి ఫిలిమ్స్ నిర్మాణం, వెనక చల్లపల్లి రాజా పెట్టుబడి. ఆలయ ప్రవేశాన్ని ఆ రోజుల్లో తెర మీద చూపించడం చిన్న సాహసం కాదు. కానీ దళిత స్త్రీ కథ తెర మీదికి వచ్చింది తప్ప దళిత స్త్రీ రాలేదు, కాంచనమాల వచ్చింది. వికలాంగుల విషయంలో తెలుగు సినిమా పట్టుకున్న దారి కూడా సరిగ్గా ఇదే. కె. విశ్వనాథ్ గారిది రేపల్లె దగ్గరి పెదపులివర్రు, అదీ డెల్టా గ్రామమే. 1986లో ఆయన తీసిన 'సిరివెన్నెల'లో చూపులేని వేణుగాన విద్వాంసుడిగా సర్వదమన్ బెనర్జీ, మాటలేని చిత్రకారిణిగా సుహాసిని నటించారు. ఆ తర్వాత 2016లో 'ఊపిరి'లో నాగార్జున చక్రాల కుర్చీలో కూర్చున్నారు, 2017లో 'రాజా ది గ్రేట్'లో రవితేజ అంధుడయ్యారు, 2018లో 'రంగస్థలం'లో రామ్‌చరణ్ వినికిడి లోపమున్న చిట్టిబాబు అయ్యారు. సరిగా వినబడని నాయకుడి కథకు శబ్దగ్రహణ విభాగంలో జాతీయ అవార్డు రావడం యాదృచ్ఛికమే కావచ్చు, కానీ ఆ వార్త చదివిన రోజు నాకు నవ్వాగలేదు. ఈ సినిమాలన్నిటిలోనూ మా దేహం ఉంది. జీతాల పట్టికలో మాత్రం మేము లేము. ఇక కథానాయకుడి పాత్ర కానప్పుడు మా దేహానికి దక్కిందేమిటో అందరికీ తెలుసు. నత్తి మీద హాస్యం, గూని మీద కుట్ర, కుంటితనం మీద జాలి.

నటన అంటేనే మరొకరు కావడం కదా, అందులో తప్పేముంది అని అడిగే మిత్రులున్నారు. ఒప్పుకుంటాను. అయితే ఆ స్వేచ్ఛ రెండు వైపులా ఉండాలి. వికలాంగ నటుడు కూడా తనది కాని మరో జీవితంలోకి ప్రవేశించగలగాలి. వైద్యుడిగా, వడ్డీ వ్యాపారిగా, ప్రేమికుడిగా, దొంగగా కనబడాలి. ఆ పని చేసి చూపించిన నటి మన కళ్ల ముందే ఉంది. పుట్టుకతోనే వినికిడి, మాట లేని అభినయ, 2009లో తమిళ 'నాడోడిగళ్'తో మొదలుపెట్టి, తెలుగులో 'శంభో శివ శంభో', 'సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు' సినిమాల్లో మాట్లాడే, వినే మామూలు ఇంటి ఆడపిల్లగా నటించింది. ప్రేక్షకుల్లో చాలామందికి తేడా తెలియలేదు. ఆమెకు కావలసింది ఎదుటివారి పెదవుల కదలికా, సైగతో సూచన ఇచ్చే మనిషీ, తర్వాత గొంతు అరువిచ్చే డబ్బింగ్ కళాకారిణీ.

ఇక్కడ కాస్త ఆగుదాం. ఎదుటివారి పెదవులు, సూచన ఇచ్చే మనిషి, అరువు గొంతు. ఈ మూడూ తెలుగు సినిమాకు కొత్తవా? కొన్ని దశాబ్దాలుగా మన పరిశ్రమ తెలుగు ఒక్క ముక్క రాని కథానాయికలను పరభాషల నుంచి తీసుకొస్తోంది. వారి కోసం కెమెరా పక్కన ప్రాంప్టరును నిలబెడుతోంది, మాటలను వారికొచ్చిన లిపిలో రాసిస్తోంది, గొంతు మరొకరితో చెప్పిస్తోంది. కొండెక్కలేని నాయకుడికి డూపును పెడుతోంది, అగ్రనటుడికి ఎండ తగలకుండా కారవాన్ నిలుపుతోంది, ఆయన వీలును బట్టి షెడ్యూలు మారుస్తోంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 'సముచితమైన సర్దుబాటు' అని చెప్పింది సరిగ్గా ఇటువంటిదాన్నే. అంటే సర్దుబాటు చేయడం మన పరిశ్రమకు చేతకాక కాదు. ఆ విద్యలో ఆరితేరింది. ఎవరి కోసం సర్దుకోవాలన్నది మాత్రం ముందే నిర్ణయమై ఉంది. అంటరానితనం మాదిరిగానే ఇది కూడా ఖర్చుల లెక్క కాదు, విలువల లెక్క.

ఒక మినహాయింపు ఉంది. దాన్ని దాటవేస్తే అన్యాయమవుతుంది. 1981లో బస్సు ప్రమాదం తర్వాత కుడికాలు కోల్పోయి, జైపూర్ కాలితో తిరిగి నాట్యం నేర్చుకున్న సుధాచంద్రన్‌ను ఆమె కథలోనే నాయికగా నిలిపిన సినిమా 'మయూరి'. దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు, నిర్మాత పెదపారుపూడికి చెందిన రామోజీరావు. డెల్టా పెట్టుబడే ఆ తలుపు తెరిచింది. నందులు వచ్చాయి, సుధాచంద్రన్‌కు జాతీయ స్థాయిలో ప్రత్యేక జ్యూరీ పురస్కారం వచ్చింది, హిందీలో 'నాచే మయూరి'గా మళ్లీ తీశారు. అప్పటికి నాకు ఆరేళ్లో ఏడేళ్లో. మా అమ్మ నన్ను ఎత్తుకుని గుడివాడ తీసుకెళ్లి ఆ సినిమా చూపించింది. నలభై ఏళ్లు గడిచాయి. ఆ తెరిచిన తలుపులోంచి తర్వాత ఎవరు వెళ్లారు? సుధాచంద్రన్ దీర్ఘకాలపు వృత్తి జీవితం ప్రధానంగా హిందీ టెలివిజన్‌లో సాగింది. తెలుగు పరిశ్రమ ఆమెలో ఒక అద్భుతాన్ని చూసింది, ఒక వృత్తి కళాకారిణిని చూడలేదు. అద్భుతం ఒక్కసారే జరగాలి, మరి. రెండోసారి జరిగితే దానికి జీతం నిర్ణయించాలి.

కులానికీ దీనికీ ఏమిటి సంబంధం అని అడిగేవారికి ఒక లెక్క. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్లు, జనాభాలో 2.21 శాతం. షెడ్యూల్డ్ కులాల్లో అది 2.45 శాతం. ఈ తేడా ఏ దేవుడూ రాసింది కాదు. గర్భిణికి అందని తిండి, బిడ్డకు అందని టీకా, ప్రమాదకరమైన పనులు ఎవరి వాటాకు వస్తాయన్నది కలిసి రాసిన లెక్క. నాకు సమయానికి చుక్కల మందు పడలేదు. ఊళ్లో నాతోపాటు పుట్టిన పిల్లలందరి విషయంలోనూ అలా జరగలేదు. పల్లెకూ ఊరికీ మధ్య ఉన్నది ఒక్క కాలువే, వంతెన కూడా ఉంది. 1994లో దండోరా ఉద్యమాన్ని మొదలుపెట్టిన మంద కృష్ణ మాదిగే తర్వాత వికలాంగుల పెన్షన్ల పోరాటానికీ ముందు నిలవడాన్ని ఈ వెలుగులో చూడాలి. వికలాంగ ఉద్యమం తెలుగు నేల మీద దళితవాడ గొంతుతో మాట్లాడింది.

ఆ పోరాటాల ఫలితంగానే ఇవాళ ఆంధ్రప్రదేశ్‌లో పెన్షన్ రూ. 6,000కు చేరింది. 2024 జూలైకి ముందు అది రూ. 3,000. ఆ డబ్బును తక్కువ చేసే హక్కు నాకు లేదు, ప్రతి నెలా నేనూ అందుకుంటున్నాను. కానీ ప్రభుత్వాలన్నీ, ఏ జెండాదైనా సరే, పెన్షన్‌తో మా గురించిన ఆలోచనను ముగిస్తున్నాయి. వికలాంగుడంటే అందుకునే చెయ్యి. రాసే చెయ్యి, కత్తిరించి కూర్చే చెయ్యి, తబలా మీద పడే చెయ్యి ఎవరి ఊహలోనూ లేవు. మమ్మల్ని 2015 చివరి నుంచి 'దివ్యాంగులు' అంటున్నారు. హరిజనులన్న పేరు పెట్టించుకున్న పల్లె నుంచి వచ్చినవాణ్ని, దేవుడి పేరు తగిలించినప్పుడు జేబు తడుముకోవడం నాకు అలవాటు.

చట్టంలో కొరత లేదు. 2016 చట్టంలోని 29వ సెక్షన్ వికలాంగులైన కళాకారులనూ రచయితలనూ ప్రోత్సహించాలని, కళా శిక్షణ కోర్సులను వారికి అనువుగా మార్చాలని స్పష్టంగా చెబుతోంది. ప్రైవేటు రంగంలో కనీసం 5 శాతం మంది వికలాంగులు పనిచేసేలా యజమానులకు ప్రోత్సాహకాలు ఇవ్వాలని 35వ సెక్షన్ అంటోంది. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వర్ణాంధత్వం ఉందని ఒక విద్యార్థికి ఎడిటింగ్ కోర్సులో ప్రవేశం నిరాకరిస్తే, 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను తప్పుపట్టి అన్ని కోర్సుల తలుపులూ తెరవమంది. సినిమా ఒక సమష్టి కళ, ఒకరి లోటును మరొకరు పూరిస్తారన్నదే ఆ తీర్పులోని సారాంశం. 2024 జూలై 8న నిపుణ్ మల్హోత్రా కేసులో అదే న్యాయస్థానం మరో అడుగు వేసింది. వైకల్యాన్ని తెర మీద చూపించేటప్పుడు కించపరిచే మాటలు మానుకోవాలని, వికలాంగులను సంప్రదించి వారి భాగస్వామ్యంతో రాయాలని మార్గదర్శకాలు ఇచ్చింది. మంచిదే. అయితే 'సంప్రదించడం' అన్న మాటతో నాకు కాస్త పేచీ ఉంది. సంప్రదింపుకు కాఫీ ఇస్తారు, ఉద్యోగానికి జీతం ఇస్తారు.

బ్రిటన్‌లో ఇదే చర్చ 2021లో పెద్దదైంది. నాటక, టీవీ రచయిత జాక్ థార్న్ ఎడిన్‌బరో టెలివిజన్ ఉత్సవంలోని ప్రధానోపన్యాసాన్ని మొత్తం ఈ విషయానికే కేటాయించి, టీవీ పరిశ్రమ వికలాంగులకు ద్రోహం చేసిందని సూటిగా అన్నాడు. స్టూడియోల మెట్లు, మరుగుదొడ్లు, షూటింగు గంటలు లెక్కలోకి వచ్చాయి. సెట్‌లో ప్రతి వికలాంగ కార్మికుడి అవసరాలను చూసే సమన్వయకర్త అనే కొత్త ఉద్యోగమే పుట్టింది. వారికి నిధులున్నాయి, మనకు లేవంటారా? వందల కోట్ల బడ్జెట్ల గురించి ప్రతి వారం పోస్టర్ వేసుకునే పరిశ్రమ ఆ మాట అనలేదు.

మరి ఇక్కడ ఏం చేయవచ్చు? పెద్ద సినిమా విడుదలైన ప్రతిసారీ నిర్మాతలు టికెట్ ధర పెంపు ఉత్తర్వు కోసం అమరావతికి వస్తారు. ప్రభుత్వం ఇస్తుంది. ఆ అదనపు రూపాయి విజయవాడలో ఆటో నడిపేవాడి జేబులోంచి, గన్నవరంలో కూలికి వెళ్లేవాడి జేబులోంచి వస్తుంది. ప్రజల జేబును తాకే అనుమతికి ప్రజల షరతు ఒకటి పెట్టవచ్చు కదా. పెట్టిన ఉదాహరణ ఉంది. 2022 మార్చిలో అప్పటి ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, భారీ వ్యయంతో తీసిన సినిమాకు మొదటి 10 రోజులు ధర పెంచుకోవాలంటే కనీసం 20 శాతం చిత్రీకరణ రాష్ట్రంలో జరగాలి. స్థలానికి షరతు పెట్టగలిగిన ప్రభుత్వం మనుషులకు పెట్టలేదా? యూనిట్‌లో వంద మంది ఉంటే ప్రభుత్వోద్యోగాల్లో ఉన్నట్టే కనీసం నలుగురు వికలాంగులుండాలి, వారికి అందరితో సమానమైన కూలి ఇవ్వాలి, తెర మీద పేరు వేయాలి. 24 విభాగాల సంఘాల్లో సభ్యత్వ రుసుమును వారికి మినహాయించాలి. దూరదర్శన్ సప్తగిరి విజయవాడ నుంచే ప్రసారమవుతోంది, ఘంటసాల పేరిట ప్రభుత్వ సంగీత కళాశాల ఇక్కడే ఉంది, 1948 నుంచి ఆకాశవాణి కేంద్రం ఉంది. సుత్తి వీరభద్రరావు వంటి వారు ఆ రేడియో గది నుంచే సినిమాకు నడిచారు. ఎడిటింగ్, డబ్బింగ్, ఉపశీర్షికలు, రచన వంటి కూర్చుని చేసే పనుల్లో శిక్షణకు కొత్త భవనాలు అక్కరలేదు.

ఇక నా తోటి వికలాంగ మిత్రులకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. వికలాంగుల కోటా అని రాసి అంతటితో వదిలేస్తే ఆ నాలుగు కుర్చీల్లోనూ థియేటర్ యజమానుల బంధువులే కూర్చుంటారు. వారికీ వైకల్యం ఉంటుంది, వారికీ అవకాశం కావాలి, నిజమే. కానీ ఇంట్లోనే ఎడిటింగ్ సూట్ ఉన్న కుర్రాడికీ, ఆ సూట్ ఊడ్చడానికి వెళ్లే తల్లి కొడుక్కీ ఒకే తలుపు చూపిస్తే ఎవరు ముందు చేరతారో తెలిసిందే. వైకల్యపు వాటాలోనూ కులపు వాటా రాయాలి. అలాగే మా దళిత సాహితీ మిత్రులకు కూడా ఒక మాట. గత కొన్నేళ్లలో నన్ను వక్తగా పిలిచిన సభల్లో సగానికి పైగా రెండో అంతస్తు హాళ్లలోనే జరిగాయి. నలుగురు తమ్ముళ్లు కుర్చీతో సహా ఎత్తుకుని తీసుకెళ్లారు. వారి ప్రేమకు తక్కువ లేదు. కానీ అంబేడ్కర్ పటం కింద మాట్లాడడానికి ఒకడు మరొకడి భుజాల మీద రావలసి రావడం ఎవరికీ వింతగా తోచకపోవడమే నాకు వింతగా ఉంటుంది.

నేను ఇప్పుడు అజిత్‌సింగ్‌నగర్‌లో ఒక గదిలో ఉంటూ డబ్బింగ్ సీరియళ్లకు తెలుగు మాటలు రాస్తున్నాను. 2020లో కరోనా వచ్చి అందరినీ ఇంట్లో కూర్చోబెట్టాక గానీ ఇంటి నుంచి రాయవచ్చన్న సంగతి పరిశ్రమకు తట్టలేదు. అంతకు ముందు అదే పనికి రోజూ ఆఫీసుకు రాలేవు కాబట్టి వద్దన్నారు. ఎపిసోడ్‌కు ఇంత అని ఇస్తారు, పేరు వేయరు. తెర పక్కన కూర్చుని అందించే పని నన్ను వదలలేదన్నమాట. ఆనాడు సంచిలో ఉన్న ఆ రెండు నాటికలూ 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో తడిసి ముద్దయ్యాయి.

కొత్తది ఒకటి రాస్తున్నాను. పోయిన వేసవిలో ఒక పరిషత్తులో, చక్రాల కుర్చీలో వచ్చిన డిగ్రీ విద్యార్థిని ఒకమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చి, 'అంకుల్, నాకు ఏడవని పాత్ర రాయండి' అంది. ఆమె కోసం రాస్తున్న పాత్ర కైకలూరు వైపు చేపల చెరువుల యజమానురాలు. కౌలుదారులను పీడిస్తుంది, బ్యాంకును ముంచుతుంది, చివరిదాకా మారదు. నాటిక మొత్తంలో కుర్చీ ప్రస్తావన ఎక్కడా రాదు. వచ్చే పరిషత్తుకు ప్రవేశపత్రం పంపాం. ఆ వేదికకు నాలుగు మెట్లున్నాయి. చెక్కతో ర్యాంపు చేయడానికి వడ్రంగి రెండు వేల ఐదు వందలు అడిగాడు. నిర్వాహకులు ఆలోచించి చెబుతామన్నారు.